మర్నాటి ఖర్చు

నల్లపాడు స్టేషన్ దాటగానే రైలు పట్టాలు రెండుగా చీలతాయి. ఒకటి నరసరావుపేట, వినుకొండ మీదుగా నంద్యాల వైపు పోతుంది. రెండోది సత్తెనపల్లి, నడికుడి మీదుగా పగిడిపల్లికి పోతుంది. పత్తి తీతలు మొదలైనప్పటి నుంచి మిరప కోతలు ముగిసేదాకా ఈ చుట్టుపక్కల పొలాల్లో పరాయి ఊళ్ల వాళ్లు కనపడుతూనే ఉంటారు. కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి వచ్చిన కుటుంబాలు అవి. మూటలు, గిన్నెలు, బియ్యం సంచి, చంకలో పిల్ల. వాళ్ల పేర్లు మేస్త్రీకి తెలుసు. రైతుకు తెలిసింది జట్టులో ఎంతమంది ఉన్నారన్న లెక్క. ఊళ్లో ఎవరి గడప దగ్గరైనా నీళ్లడిగితే ఇవ్వరని కాదు, ఇస్తారు. కాకపోతే చెంబు అందించే ముందు ఒక ప్రశ్న ఉంటుంది: మీరెవరోళ్లు?

ఆ ప్రశ్నకు రెండు వేల ఏళ్ల నాటి జవాబొకటి ఉంది. లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు చెప్పిన మంచి సమరయుడి కథ. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చర్చి గంట వినపడే ప్రతి పల్లెకూ ఈ కథ తెలుసు. సండే స్కూలు పిల్లలు క్రిస్మస్‌కు నాటికలా కూడా వేస్తారు. దొంగల వేషానికి పోటీ ఉంటుంది, గాడిద వేషానికి ఎవరూ రారు. ఇంతగా అలవాటు పడ్డాం గనకే కథను ఎలా కట్టారో మన కంటికి ఆనదు. దయ మీద చెప్పిన కథల్లో ఇంత లెక్కగా, ఇంత పొదుపుగా చెప్పింది ఇంకొకటి నాకు కనపడలేదు. గుంటూరు ఊళ్లో ఈ కథను ఇటుకా సున్నంతో కట్టి చూపించినవాళ్లు కూడా ఉన్నారు. ముందు కథ సంగతి చూద్దాం.

దారి యెరూషలేము నుంచి యెరికోకు. సుమారు పాతిక కిలోమీటర్ల దూరం, వెయ్యి మీటర్లకు పైగా దిగుడు. కొండల మధ్య ఎడారి బాట. దొంగలు ఒక మనిషి మీద పడి, కొట్టి, బట్టలు ఊడదీసి, కొనఊపిరితో వదిలేసి పోయారు. ఇక్కడ బట్టలు తీయడం దొంగతనపు వివరంగానే కనపడుతుంది. కానీ కథకుడికి దానితో వేరే పనుంది. ఆ కాలపు మనిషి ఏ జాతివాడో, ఏ అంతస్తువాడో చెప్పేవి రెండే: ఒంటి మీది బట్ట, నోట్లోని యాస. బట్ట దొంగలు తీసుకుపోయారు. కొనఊపిరితో ఉన్నాడు కాబట్టి మాట లేదు. మీరెవరోళ్లు అని అడగడానికి వీల్లేని మనిషిని కథకుడు రోడ్డు పక్కన పడుకోబెట్టాడు. కథ పూర్తయ్యేదాకా ఆ గాయపడ్డవాడు ఒక్క మాట మాట్లాడడు. ఏ ఊరివాడో మనకు తెలియదు. పేరు లేదు. కోలుకున్నాడో లేదో కూడా చెప్పలేదు.

తర్వాత యాజకుడు వచ్చాడు, చూశాడు, పక్కగా పోయాడు. గుడి పనులు చూసే లేవీయుడు వచ్చాడు, చూశాడు, పక్కగా పోయాడు. ఇద్దరికీ ఒక్కొక్క వాక్యమే ఇచ్చాడు కథకుడు. వాళ్లను తిట్టలేదు, కారణం చెప్పలేదు. శవమేమో, ముట్టుకుంటే మైల అంటుకుంటుందేమో అని జడిశారని వ్యాఖ్యాతలు తరతరాలుగా రాశారు. కథలో ఆ మాట లేదు. యాజకుడు వెళుతున్నది గుడికి కాదు, గుడి నుంచి కిందికి దిగి వస్తున్నాడు అన్న చిన్న సంగతి మాత్రం ఉంది. పూజ అయిపోయింది, మడి సాకు కూడా అంత బలంగా నిలవదు. కథకుడు దీన్ని ఎత్తి చూపకుండా దారి ఎటువైపో చెప్పి ఊరుకున్నాడు.

యాజకుడు, లేవీయుడు అయ్యాక మూడోవాడిగా మామూలు యూదు గృహస్థు వస్తాడని వినేవాళ్లు అనుకుని ఉంటారు. పెద్దలు తప్పుకుంటే పామరుడు ఆదుకున్నాడనే కథ ఏ దేశంలోనైనా చెల్లుతుంది, చప్పట్లు పడతాయి. వచ్చింది సమరయుడు. యూదులకూ సమరయులకూ ధర్మశాస్త్రం ఒక్కటే, కొలిచే కొండ వేరు. క్రీస్తుకు వందేళ్లకు పైగా ముందే సమరయుల గెరిజీము కొండ గుడిని యూదు పాలకుడు కూలగొట్టించాడు. పగ ఎంత ముదిరిందంటే, లూకా ఒక అధ్యాయం ముందే దాన్ని చూపిస్తాడు: సమరయుల ఊరొకటి యేసుకు బస ఇవ్వనంది. శిష్యులిద్దరు ఆ ఊరిని ఆకాశం నుంచి అగ్ని దింపి కాల్చేద్దామా అన్నారు. యేసు వాళ్లను గద్దించి వేరే ఊరికి నడిచాడు. అలా బస ఇవ్వనన్న జాతివాడే తర్వాతి అధ్యాయంలో, తనకేమీ కాని మనిషి బసకు తన జేబులోంచి డబ్బు కడతాడు. ఈ రెండు సంఘటనలనూ ఇంత దగ్గరగా పేర్చిన చేతిని మెచ్చుకోకుండా ఉండలేం.

ఇక సమరయుడు చేసిన పనులు. ఇప్పటిదాకా నాలుగు మాటల్లో నడిచిన కథ ఒక్కసారి నెమ్మదిస్తుంది. చూశాడు. జాలిపడ్డాడు. దగ్గరికి వెళ్లాడు. నూనె, ద్రాక్షారసం పోశాడు. గాయాలు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు, అంటే తను నడిచాడు. పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. జాలి అనే మాట ఒక్కటే ఉంది, మిగిలినవన్నీ చేతి పనులు. ద్రాక్షారసం గాయాన్ని కడుగుతుంది, నూనె మంట తగ్గిస్తుంది. ఆనాటి వైద్యం అదే. దారినపోయే ఈ మనిషి సంచిలో మందుంది, దాన్ని వాడటం చేతికి తెలుసు. మంచి మనసుండి చేతకానివాడు ఆ దారిన వచ్చి ఉంటే గాయపడ్డవాడు బతికేవాడా అన్నది నాకెప్పుడూ వచ్చే అనుమానం.

నన్నడిగితే కథకు ప్రాణం ఇక్కడ లేదు, మర్నాడు ఉదయంలో ఉంది. సమరయుడు రెండు దేనారాలు తీసి పూటకూళ్లవాడికిచ్చి, ఇతన్ని చూసుకో, ఇంతకంటే ఎక్కువైతే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దేనారమంటే ఒక రోజు కూలి. మత్తయి సువార్తలో ద్రాక్షతోట కూలీలకు యజమాని ఒప్పుకున్న రేటదే. అంటే రెండు రోజుల కూలి బయానా, మిగతాది ఖాతా. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారికీ రైతుకూ మధ్య ఏళ్ల తరబడి నడిచే ఖాతా లాంటిదే ఇది, ఒక్క తేడాతో: అక్కడ ఇద్దరికీ ఒకరినొకరు తెలుసు. ఇక్కడ పూటకూళ్లవాడు యూదుల దారిలో సత్రం నడిపేవాడు, అప్పు చెబుతున్నవాడు సమరయుడు, అప్పు ఎవరి పేర రాయాలో ఆ మనిషికి పేరే లేదు. ఎక్కువైనది ఎంతైనా సరే అనడం వ్యాపారంలో ఎవరూ అనరాని మాట. అయినా సమరయుడు తన పని మానుకోలేదు, ప్రయాణం ఆపుకోలేదు, జీవితమంతా ఆ గాయపడ్డవాడికి ధారపోయలేదు. ఖర్చు ఏర్పాటు చేసి, మనిషిని అప్పగించి, తిరిగొస్తానని చెప్పి పోయాడు. ఉపదేశకులు సాధారణంగా జాలి దగ్గర ఆగి కన్నీళ్లు తెప్పిస్తారు. కథ మాత్రం రసీదు దాకా వెళుతుంది.

తొలి శతాబ్దాల క్రైస్తవ పండితులు ఈ కథను వేరే విధంగా చదివారు. ఒరిగెను, అగస్టీను వంటివాళ్లకు గాయపడ్డవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం, తిరిగి వస్తాననడం రెండో రాకడ. ఫ్రాన్సులో షార్ట్ర్ కెథడ్రల్‌లో పదమూడో శతాబ్దపు రంగు అద్దాల కిటికీ మీద కింద సమరయుడి కథ, పైన ఆదాము హవ్వల కథ కలిపి గీశారు. అన్నిటికీ అర్థాలు కడితే రెండు దేనారాలకు కూడా ఒక అర్థం వెతకాల్సి వస్తుంది. అది నాకంతగా రుచించదు. కానీ ఆ పద్ధతిలో ఒక మేలుంది. చదివేవాణ్ని సమరయుడి వాహనం మీద కూర్చోబెట్టకుండా గోతిలో పడుకోబెడుతుంది. విమోచన అంటే క్రైస్తవులు చెప్పే అసలు సంగతి అక్కడుంది: ముందు నిన్నెవరో ఎత్తారు, అందుకే నువ్వు ఇంకొకరిని ఎత్తుతావు. లూథరన్లు ఈ వరసను గట్టిగా పట్టుకుంటారు. మంచిపనులు చేసి రక్షణ కొనుక్కోలేమనీ, రక్షణ దొరికాక చేతులు ఊరికే ఉండవనీ వాళ్ల బోధ. గుంటూరుకు వచ్చిన మిషనరీలు ఆ లూథరన్లే.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. అంతకు పదేళ్ల ముందే నందన నామ సంవత్సరపు కరువు ఈ జిల్లాను ఊడ్చిపెట్టింది. డొక్కల కరువని కూడా ముసలివాళ్లు చెప్పుకునేవారు. జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్ హయ్యర్‌ను ఇక్కడే ఉండమన్నాడు. హయ్యర్‌లో నాకు నచ్చేది వేరే సంగతి. కొన్నేళ్ల తర్వాత అమెరికా తిరిగి వెళ్లి, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1847లో పట్టా తీసుకుని మళ్లీ వచ్చాడు. పల్నాడులో గురజాల కేంద్రంగా పనిచేశాడు. యాభై దాటిన బోధకుడు తన బోధకు చేతిపని తక్కువైందని విద్యార్థిగా కూర్చున్నాడు. కథలో సమరయుడి సంచిలో నూనె ఉన్నట్టే ఇదీ.

ఆ పనిని పూర్తిగా పట్టుకున్నది డాక్టర్ అన్నా సారా కుగ్లర్. పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో 1856లో పుట్టింది. 1879లో ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుంది. నోరిస్‌టౌన్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసింది. గుంటూరు మిషనరీ ఆడం రో రాసిన ఉత్తరం ఆమెను ఇటు తిప్పింది. మగ వైద్యుడి ముందుకు రాని ఘోషా స్త్రీలు, కాన్పుల్లో పోతున్న తల్లులు ఉన్నారన్నది ఆ ఉత్తరంలోని సంగతి. విచిత్రమేమంటే, మిషన్ పెద్దలు అప్పటికి వైద్యం కోసం మనిషిని పంపడానికి సిద్ధంగా లేరు. బడులు చూసుకోవడానికైతే పంపుతామన్నారు. సరేనని మందులు వెంట పెట్టుకుని 1883 చివర గుంటూరు దిగింది. పగలు బడి, మిగిలిన వేళ వైద్యం. వైద్య మిషనరీగా గుర్తింపు 1885 చివర్లో గాని రాలేదు.

ఇక్కడ కథ తలకిందులైంది, అదే నాకు ముచ్చట. గుంటూరు అగ్రహారాల దృష్టిలో ఈ తెల్లావిడ మ్లేచ్ఛ. ఆమె వచ్చిపోయిన ఇల్లు కడిగించుకునే రోజులు. మన సండే స్కూలు నాటికలో మనమంతా సమరయుడిగా ఉండాలనుకుంటాం. సమరయుడు ముట్టుకుంటే మైలపడతాననుకునే మనిషిగా గోతిలో ఉండటం ఎలా ఉంటుందో ఆలోచించం. కాన్పు కష్టమై మూడో రోజున ఆమెను పిలిచిన ఇంటికి ఆ సంగతి తెలుసు. నా పొరుగువాడు ఎవడని యేసును అడిగి ఈ కథ చెప్పించుకున్న ధర్మశాస్త్రోపదేశకుడికీ అదే ఇబ్బంది. ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడు అని యేసు అడిగితే సమరయుడని నోటితో అనలేకపోయాడు. కనికరం చూపినవాడని చుట్టు తిప్పి చెప్పాడు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. ఈ పల్లెల్లో చర్చిలు నిండింది ఎక్కువగా మాలపల్లి, మాదిగపల్లి జనంతో. ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వని కాలంలో వాళ్లు ఈ కథ మొదటిసారి విన్నారు. యాజకుడు పక్కగా ఎందుకు పోయాడో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సమరయుడు ఎవరో కూడా చెప్పనక్కర్లేదు. అమెరికా సండే స్కూలు పుస్తకాల్లో ఈ కథ పెద్దమనుషులు పేదల మీద జాలిపడమని చెప్పే పాఠం. ఇక్కడ వెలివాడలో కూర్చుని వింటే, దయ చూపడానికి పెద్దమనిషి కానక్కర్లేదనీ, వెలివేసినవాడి చేతిలోనే మందుందనీ వినపడుతుంది. గుంటూరులో చివరి రోజులు గడిపిన కవి జాషువా క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందాడంటే, ఆ వినికిడి ఎంత లోతుకు దిగిందో ఊహించుకోవచ్చు.

కుగ్లర్ 1886లో మందుల శాల తెరిచింది. 1889లో అమెరికా వెళ్లి, ఆసుపత్రి కోసం విరాళాల ప్రయత్నం చేసి 1891లో తిరిగొచ్చింది. 1893లో కొత్త డిస్పెన్సరీ, 1898లో యాభై పడకల ఆసుపత్రి. స్త్రీలకూ పిల్లలకూ. గోడలు లేచాక తేలిన సంగతి ఒకటుంది, అది ఈ దేశపు సంగతి: మన దగ్గర రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. అత్త, అమ్మ, చంటిపిల్ల, బండి తోలుకొచ్చిన మరిది, బియ్యం, పొయ్యి. ఎవరి వంట వాళ్లది, ఎవరి మడి వాళ్లది. నరసరావుపేట దారిన ఎడ్లబండి మీద వచ్చిన రోగికి మంచం దొరుకుతుంది. వెంట వచ్చిన నలుగురు ఎక్కడ వండుకోవాలి, ఎక్కడ పడుకోవాలి? ఇప్పటికీ ఏ పెద్దాసుపత్రి ముందు చూసినా చెట్ల కింద దుప్పట్లు పరిచి ఉంటాయి, తీగ మీద తడిబట్టలు ఆరుతుంటాయి.

దీనికి జవాబు మిషన్ వాళ్ల నుంచి రాలేదు. ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు భార్యకు కుగ్లర్ వైద్యం చేసింది. ఆ కృతజ్ఞతతో రాజా, రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించాడు. భుజంగరావు హిందువు, సాహిత్యాభిమాని, మంజువాణి పత్రిక నడిపినవాడు. క్రైస్తవుల ఆసుపత్రికి హిందూ జమీందారు పూటకూళ్ల ఇల్లు సమకూర్చాడు. లూకా కథలో సమరయుడికి దొరికిన పూటకూళ్లవాడు ఎవరో, ఏ జాతివాడో రాయలేదు. ఇక్కడ ఆ ఖాళీ పూరించిన పేరు మనకు తెలుసు. ఇలాంటిదే ఉత్తరాన బరేలీలోనూ జరిగింది: 1870లో వచ్చిన డాక్టర్ క్లారా స్వెయిన్ ఆసుపత్రికి రాంపూర్ నవాబు స్థలమిచ్చాడు. దానాన్ని మెచ్చుకోవడం తేలికే. ఆ దానం ఏ అవసరాన్ని కనిపెట్టి పడిందో చూడండి. రాజా పడకలు కొనిపెట్టొచ్చు, గడియారస్తంభం కట్టించి తన పేరు చెక్కించుకోవచ్చు. ఆయన వెంటవచ్చినవాళ్ల పొయ్యి గురించి ఆలోచించాడు. వైద్యం చేసేవాళ్ల కంట్లో పడని చోటు అది. రోగి పక్కన కూర్చుని చూసినవాడికే తడుతుంది.

ఎంత మెచ్చుకున్నా ఒక ప్రశ్న దాటవేయకూడదు. మిషన్ ఆసుపత్రుల్లో మందుతో పాటు వాక్యం కూడా ఇచ్చేవాళ్లు. వరండాలో ప్రార్థన, మంచం పక్కన బైబిలు పఠనం. వైద్యాన్ని మతమార్పిడికి ఎరగా వాడటం తప్పని గాంధీ 1931లో ఘాటుగానే రాశాడు. ఆ విమర్శకు మిషనరీలు చెప్పుకోదగ్గ జవాబు వాళ్ల పుస్తకంలోనే ఉంది, దానికి లోబడ్డారా లేదా అన్నదే తేలాల్సింది. కథలో సమరయుడు గాయపడ్డవాడి దగ్గర ఏమీ కోరలేదు. నా కొండకు వచ్చి మొక్కమనలేదు. మర్నాడే ఖర్చు అప్పగించి తన దారిన పోయాడు. ఆ కొలతతో చూస్తే ఏ మిషన్ ఆసుపత్రీ నూటికి నూరూ నిలవదని నా అభిప్రాయం. కుగ్లర్ ఆసుపత్రి చాలా దూరం నిలుస్తుందనీ అనుకుంటాను. ఎందుకంటే అక్కడికి వచ్చిన హిందువులు, ముసల్మానుల్లో అత్యధికులు హిందువులుగా, ముసల్మానులుగానే ఇళ్లకు తిరిగి వెళ్లారు, మళ్లీ కాన్పుకు కూతుళ్లను తీసుకొచ్చారు. ఏలూరు రాజా కూడా మతం మారి సత్రం కట్టలేదు.

కుగ్లర్ నలభై ఏళ్లకు పైగా గుంటూరులోనే పనిచేసింది. మధ్యలో సర్కారువారి కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1928లో ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా రాసింది. 1930 జులై 26న ఇక్కడే కన్నుమూసింది. ఆ తర్వాతనే ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు. ఇప్పటికీ గుంటూరు ఆటోవాళ్లకు కుగ్లర్ ఆసుపత్రి అంటే చాలు.

కథ చివర ఒక లెక్క తేలకుండా మిగిలిపోతుంది. సమరయుడు మళ్లీ వచ్చాడా, ఎక్కువైన ఖర్చు ఎంత తేలింది, పూటకూళ్లవాడు రెండు దేనారాలు అయిపోయాక కూడా ఆ మనిషికి అన్నం పెట్టాడా? లూకా రాయలేదు. రోజుల తరబడి కట్లు మార్చింది, గంజి తాగించింది పూటకూళ్లవాడే అయ్యుండాలి. అయినా అతని పేరు మీద ఆసుపత్రులు లేవు, సమరయుడి పేరు మీద ప్రపంచమంతా ఉన్నాయి. ఈసారి సండే స్కూలు వాళ్లు నాటిక వేస్తే పూటకూళ్లవాడికి నాలుగు డైలాగులు ఎక్కువ రాయమని మా పాస్టరుగారితో చెప్పాలి.